అమీలియా ఇయర్‌హార్ట్ సముద్రంలోనే మునిగిపోయింది, జపాన్ జైల్లో కాదు

మీరు అడిగింది: "1937లో మాయమైన పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ ఏమైపోయి ఉంటుంది? ఇన్ని వాదనల్లో మీరు దేన్ని నమ్ముతారు?"

ఇంధనం అయిపోయి పసిఫిక్ మహాసముద్రంలోని హౌలాండ్ దీవి దగ్గర్లోనే సముద్రంలో పడిపోయింది. నాకు ఇందులో రవ్వంత అనుమానం లేదు. జపాన్ వాళ్ళు పట్టుకుపోయారనే కథ వింటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు చాలామంది లాగే మావయ్య చెన్నై వచ్చి కాశిమేడు హార్బర్‌లో బోటు మీద కలాసీగా చేరాడు. ఓసారి వాయుగుండం పట్టినప్పుడు వేటలో ఉన్న ఆ బోటు తిరిగి రాలేదు. ఆ రాత్రి ఇంకో బోటు నడిపే సరంగుకి వైర్‌లెస్‌లో మావయ్య వాళ్ళ గొంతు వినిపించింది. ఇంజను ఆగిపోయింది, ఎక్కడున్నారు, పలకండి అని పదే పదే అడుగుతున్నారట. సరంగు గొంతు చించుకుని జవాబిస్తున్నా అటువాళ్ళకి అందడం లేదు. మళ్ళీ అదే ప్రశ్న. కాసేపటికి అదీ ఆగిపోయింది.

అమీలియాకి జరిగిందీ ఇదే. జులై 2న న్యూగినీలోని లే అనే ఊరి నుంచి నావిగేటర్ ఫ్రెడ్ నూనన్‌తో బయల్దేరింది. దాదాపు 4,100 కిలోమీటర్ల అవతల, మూడు కిలోమీటర్ల పొడవు కూడా లేని హౌలాండ్‌లో దిగాలి. అక్కడ కాచుకుని ఉన్న ఇటాస్కా ఓడకి ఆమె గొంతు గట్టిగా వినిపించింది, అంటే బాగా దగ్గరికి వచ్చేసింది. మీ పైనే ఉండాలి గానీ మీరు కనబడటం లేదు, ఇంధనం తగ్గిపోతోంది అని చెప్పింది. ఓడవాళ్ళ మాట ఆమెకి చేరలేదు. సముద్రం మీద అలా ఒకవైపే పలికే వైర్‌లెస్ ఎక్కడికి తీసుకెళ్తుందో కాశిమేడులో ఎవరినడిగినా చెబుతారు.

మరి విమానం దొరకలేదేం అంటారు. 2016 జులై 22న ఇక్కడి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి 29 మందితో బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతంలో మాయమైంది. అందులో విశాఖ వాళ్ళూ ఉన్నారు. ఓడలు, విమానాలు, ఉపగ్రహాలు అన్నీ పెట్టి వెతికినా దొరకలేదు. 2024 జనవరిలో గానీ చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనబడలేదు. హౌలాండ్ దగ్గర సముద్రం అంతకంటే లోతు. 2024లోనే అక్కడ శబ్ద తరంగాలతో సముద్రం అడుగు చూసే సోనార్‌లో విమానం ఆకారం కనిపించిందని గోల చేశారు, ఏడాది తిరక్కుండానే అది రాయి అని తేలింది.

హౌలాండ్‌కి దక్షిణాన ఉన్న నికుమరోరో దీవిలో దిగి బతికారనే వాదనని కొట్టిపారేయను. 1940లో అక్కడ ఎముకలు దొరికాయి. కానీ ఆ ఎముకలే తర్వాత పోయాయి, మిగిలినవి కొలతలే. పైగా 1929లో అదే దీవి దగ్గర నార్విచ్ సిటీ అనే ఓడ బద్దలై నావికులు చనిపోయారు. ఎముకలు వాళ్ళవెందుకు కాకూడదు?

ఇక జపాన్ కథ. 2017లో టీవీలో ఒక ఫోటో చూపించి ఇదిగో అమీలియా, బందీగా ఉంది అన్నారు. ఆ ఫోటో 1935లో అచ్చయిన పుస్తకంలో ఉందని జపాన్‌లో ఒకాయన ఇట్టే పట్టేశాడు. అయినా యూట్యూబ్‌లో ఆ వీడియోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

బందీ కథ ఇంట్లోవాళ్ళని ఏం చేస్తుందో నేను చూశాను. మావయ్య బోటుని లంక నేవీ పట్టుకుపోయిందని ఎవరో పుట్టించారు. ఓసారి లంక జైలు నుంచి విడుదలైన జాలర్లు చెన్నై విమానాశ్రయంలో దిగుతున్నారని తెలిసి అత్త నన్ను వెంటబెట్టుకుని తెల్లవారకముందే మీనంబాక్కం చేరింది. మావయ్య ఫోటో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. మాసిన గడ్డాలతో, హవాయి చెప్పులతో వాళ్ళు బయటికొచ్చారు. అధికారులు గబగబా వ్యాను ఎక్కించేస్తున్నారు. అత్తకి తమిళం అంతంతమాత్రం. "అణ్ణా, ఇవర పాత్తీంగళా" (అన్నా, ఈయన్ని చూశారా) అంటూ ఒక్కొక్కరి ముందూ ఫోటో పట్టింది. తలలు అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. చివర్లో ఒక కుర్రాడు, జాలిపడ్డాడో ఏమో, ఈ ముఖం చూసినట్టే ఉందక్కా అన్నాడు.

"సెప్పాను కదేట్రా, మీ మావ బతికే ఉన్నాడు" అంది అత్త. ఆ ఒక్క మాట పట్టుకుని అప్పులు చేసి రామేశ్వరం దాకా తిరిగింది. దక్షిణ దిక్కున క్షేమంగా ఉన్నాడని చెప్పి ఒక జ్యోతిష్కుడు ఉన్న కాస్తా గుంజుకున్నాడు.

అమీలియా చనిపోయినట్టు 1939 జనవరిలోనే కోర్టు ప్రకటించింది, అంటే ఏడాదిన్నరకే. మా అత్త పరిహారం కోసం ఆఫీసుకి వెళ్తే శవం లేదు, ధ్రువపత్రం లేదు, ఏడేళ్ళు ఆగమన్నారు. ఏడేళ్ళు కబురు లేని మనిషిని చనిపోయినట్టు లెక్కగట్టే పాత సాక్ష్య చట్టం 108వ సెక్షనే ఇప్పుడు కొత్త చట్టంలో 111 అయింది, ఏడేళ్ళ లెక్క మాత్రం మారలేదు. అన్నేళ్ళూ అత్త హార్బర్‌లో రొయ్యలు వొలిచి పిల్లల్ని సాకింది. వేటకెళ్ళి రాని మనిషి విషయంలో, చివరిసారి వైర్‌లెస్‌లో ఆ గొంతు విన్న సరంగు వాంగ్మూలం ఉంటే ఏడాదిలోపే ధ్రువపత్రం ఇచ్చెయ్యాలి.