కలిసి యుద్ధం చేసినవాళ్ల స్నేహం నిజంగా చివరిదాకా ఉంటుందా?

యుద్ధంలో కలిసి పనిచేసిన సైనికులు ముసలితనంలో కూడా అంత దగ్గరగా ఉంటారంటే నిజమా, సినిమాల్లోనేనా అని అడిగారు. అందరి సంగతీ చెప్పలేను. మా నాన్నదీ ఆయన స్నేహితుడిదీ మాత్రం దగ్గర నుంచి చూశాను.

మాది తాడేపల్లిగూడెం వైపు. పక్కనే మిలిటరీ మాధవరం, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు, కాబట్టి పటాలంలో చేరడం మా దగ్గర వింతేమీ కాదు. నాన్న 16 మద్రాస్‌లో సిపాయి. 1971 డిసెంబరులో శకర్‌గఢ్ సెక్టార్‌లో బసంతర్ నది దగ్గర పోరాడిన బెటాలియన్ అది. డిసెంబరు 3న పాకిస్తాన్‌తో మొదలైన యుద్ధం 17 రాత్రికి పశ్చిమాన ఆగిపోయింది. ఆ రెండు వారాల గురించి నాన్న మాకు చెప్పిందల్లా చలి ఒక్కటే.

ఆ స్నేహితుడిది పాలక్కాడ్. రెండు మూడేళ్లకోసారి రైలెక్కి వచ్చేవారు, మేం మామయ్యా అనేవాళ్లం. నాన్నకు మలయాళం రాదు, ఆయనకు తెలుగు రాదు. వాళ్ల హిందీ హిందీవాళ్లకే అర్థం కాదు. యుద్ధం ఊసే ఉండదు. మోకాళ్ల నొప్పులు, క్యాంటీన్ సరుకులు, పెన్షన్ కోసం నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్, ఇవే కబుర్లు. అమ్మ రెండు గ్లాసుల టీ తెస్తే ఒకటి పక్కన పెట్టేసి, రెండోదే చెరో గుక్కా తాగేవాళ్లు. పక్కన పెట్టింది చల్లారిపోయేది, అమ్మ విసుక్కునేది.

గొడవలు లేవనుకోకండి. పొలం కొనడానికి నాన్న ఆయన దగ్గర అప్పు చేసి, అన్న టైముకి ఇవ్వలేకపోయారు. రెండేళ్లు ఉత్తరాల్లేవు, రాకపోకల్లేవు.

నాన్న పోయాక ట్రంకు పెట్టెలో మనియార్డరు రసీదుల కట్ట దొరికింది. అన్నీ తమిళనాడులో ఒకే అడ్రసుకి. వాళ్ల సెక్షన్‌లోంచి తిరిగిరాని ఒక కుర్రాడి తల్లికి. ఆవిడకి పెన్షన్ వచ్చేదట, అయినా పంపేవారు. మాకు ఆ సంగతే తెలీదు. చూస్తే నెల విడిచి నెలవే ఉన్నాయి. పాపం, చేతిలో డబ్బులేని నెలల్లో మానేసి ఉంటారనుకున్నాం.

పెద్దకర్మకి మామయ్య వస్తే కట్ట చూపించాను. తేదీలు ఒక్కొక్కటీ చదువుకుని, "మిగతా నెలలు నావి" అన్నారు.

అప్పు గొడవ నడిచిన ఆ రెండేళ్ల రసీదులు వెతికాను. నాన్న వంతు ఒక్కటీ తప్పలేదు. ఆయన వంతు సంగతి అడగబోయి ఊరుకున్నాను. వెళ్తూ వెళ్తూ ఆ కట్ట తనకిమ్మన్నారు, ఇచ్చేశాను.