వాన్ రౌటర్లకు ముందు నేర్చుకోవాల్సిన కమాండ్? నా ఓటు ‘రీలోడ్ ఇన్’కే

బ్రాంచి ఆఫీసుల వాన్ (దూరపు ఊళ్ల ఆఫీసులను కలిపే నెట్‌వర్క్) రౌటర్లు చూసే ఉద్యోగంలో చేరబోతున్నాను, దారులు వెతికే ప్రోటోకాల్స్ ఓఎస్‌పీఎఫ్, బీజీపీల్లో ఏ కమాండ్లు ముందు నేర్చుకోవాలి అని ఒకరు అడిగారు. ఆ రెండూ తర్వాత నేర్చుకోవచ్చు. సిస్కో రౌటరైతే ముందు ‘రీలోడ్ ఇన్ 10’ నేర్చుకోండి.

2009లో హైదరాబాద్‌లో కూర్చుని ఆదిలాబాద్ బ్రాంచి రౌటర్‌లోకి టెల్నెట్‌తో (దూరం నుంచే లాగినయ్యే పద్ధతి) వెళ్లాను. రాత్రి పదకొండు దాటింది. రెండు పోర్టుల మీదుగా వచ్చే ట్రాఫిక్ ఆపమన్నారు. దేన్ని రానివ్వాలో దేన్ని ఆపాలో చెప్పే యాక్సెస్ లిస్ట్‌లో రెండు డినై (ఆపు) లైన్లు రాసి, బయటి లైను తగిలే సీరియల్ ఇంటర్‌ఫేస్‌కి లోపలికొచ్చే వైపు తగిలించాను. ఎంటర్ కొట్టాక ఏం టైప్ చేసినా ఒక్క అక్షరం పడదు. లిస్ట్ చివర కంటికి కనపడని ‘డినై ఎనీ’ (మిగతావన్నీ ఆపు) ఒకటుంటుందని అప్పుడు గుర్తొచ్చింది. మిగతావి రానిచ్చే పర్మిట్ లైను రాయలేదు. నా టెల్నెట్‌నీ నేనే ఆపేసుకున్నాను.

బ్రాంచిలో పడుకునే వాచ్‌మన్ తాతకి ఫోన్ చేశాను. “లైట్లు మిణుకుమంటున్న డబ్బా ఒకటుంటుంది, దాన్ని ఆపి మళ్లీ వేయి తాతా.”

“అన్నీ మిణుకుమంటున్నయ్ సార్. దేన్ని బంద్ చెయ్యాలె?”

ముందు మోడెం ఆపాడు. తర్వాత స్విచ్. మూడోసారికి రౌటర్ దొరికింది. రౌటర్ అందుతోందా అని చూసే పింగ్‌కి జవాబు రాగానే ప్రాణం లేచొచ్చింది. బతికించింది నా తెలివి కాదు, మార్పుల్ని సేవ్ చేసే ‘కాపీ రన్ స్టార్ట్’ ఇంకా కొట్టకపోవడం. సేవ్ చేయని మార్పులన్నీ కరెంటుతో పాటే పోయాయి. లైను లైనుకీ ‘రైట్’ (అదీ సేవ్ కమాండే) కొట్టే అలవాటున్నవాళ్లని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ నెలలోనే బ్రాంచికి వెళ్తే రౌటర్ స్విచ్ పక్కన పసుపు బొట్టు కనిపించింది. “మళ్ల ఫోన్ చేస్తరని పెట్టిన సార్” అన్నాడు తాత.

‘రీలోడ్ ఇన్ 10’ అంటే పది నిమిషాల్లో రౌటర్ తనంతట తానే రీస్టార్టయి, సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో (సెట్టింగులతో) లేస్తుంది. మార్పు చేసే ముందే కొట్టాలి. పని సవ్యంగా అయితే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, ఆ తర్వాతే సేవ్ చేయాలి. మీరింకా ఏమీ ముట్టుకోకముందే, ‘రీలోడ్ ఇన్’ కొట్టగానే రౌటర్ ‘సేవ్ చేయమంటావా?’ అని అడిగిందంటే, మీకు ముందు ఎవరో ఏదో మార్చి సేవ్ చేయకుండా పోయారన్నమాట. అక్కడే ఆగి అదేంటో చూడండి. జూనిపర్ కంపెనీ రౌటర్లలో, మార్పుల్ని అమలు చేసే ‘కమిట్’కి తోడు ‘కమిట్ కన్‌ఫర్మ్‌డ్’ ఉంది, రీస్టార్ట్ గొడవ కూడా లేదు. పది నిమిషాల్లో మళ్లీ కమిట్ చేయకపోతే పాత కాన్ఫిగ్‌కే తిరిగెళ్తుంది.

అమీర్‌పేటలో నేను నేర్చుకున్న చోట ఇదెవరూ చెప్పలేదు. ల్యాబ్‌లో రౌటర్లన్నీ ఒకే బల్ల మీద ఉంటాయి, లింకు పోతే లేచి రౌటర్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పెడతాం. దూరం ఎలా ఉంటుందో అక్కడ తెలిసే దారేది? సీరియల్ లింకు మీద డేటా పంపే పద్ధతిని హెచ్‌డీఎల్‌సీ నుంచి పీపీపీకి మార్చేటప్పుడు అవతలి రౌటర్‌ని ముందు మార్చాలని కూడా దెబ్బ తిన్నాకే తెలిసింది. ఇవతల ముందు మారిస్తే అవతలికి వెళ్లడానికి దారే ఉండదు.

ఇదంతా చిన్న కంపెనీల గోల అనుకోకండి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మూతపడింది కూడా వాళ్ల డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ నెట్‌వర్క్‌లో కొట్టిన ఒక్క కమాండ్ వల్లే. ఇంజినీర్లు స్వయంగా డేటా సెంటర్లకి వెళ్లాల్సొచ్చింది. వాళ్లకి తాత లేడు పాపం.

ఇంకోటి. లింకు స్లోగా ఉంటే ‘బ్యాండ్‌విడ్త్’ కమాండ్‌లో అంకె పెంచమని మీ మేనేజరూ అడుగుతాడు, మా మేనేజర్ అడిగాడు. ఆ అంకె రూటింగ్ (ఏ దారిన పంపాలి అనే) లెక్కల కోసం, దాంతో లైను స్పీడు పెరగదు. ఓఎస్‌పీఎఫ్ సంగతి ఇంకెవరైనా చెబుతార్లెండి.