నక్ష ముందు, పార్కు తర్వాత: కొత్త టౌన్ ప్లానింగ్ ఆఫీసరుకు ఒక లేఖ

తమ్మీ,

నాలుగు ఊళ్లు కలిపి చేసిన మున్సిపాలిటీకి వచ్చావు. మాస్టర్ ప్లాన్ షీటు మీద పార్కులకూ, వాటిని కలిపే బాటలకూ పచ్చ రంగు పూసే ముందు తహసీల్దార్ ఆఫీసు నుంచి ఆ ఊళ్ల రెవెన్యూ నక్షలు తెప్పించి, హద్దులు కలిపి పక్కపక్కన అతికించు. బండ్లబాటలు, వాగులు, ఒక చెరువు అలుగు నుంచి కింది చెరువుకు దిగే కాలువలు అన్నీ అందులో దొరుకుతాయి. గొలుసుకట్టు చెరువులున్న మన దగ్గర పార్కులను కలిపే బాట కొత్తగా గీయనక్కర్లేదు, ఉన్నది కబ్జా కాకుండా చూసుకుంటే చాలు. నక్షలో ఉండి నేల మీద లేని బాటను ఎవరో దున్నేసి ఉంటారు. సర్వే చేయించి రాళ్లు పాతించు.

తర్వాత ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పటి పూర్తి నీటిమట్టం (ఫుల్ ట్యాంక్ లెవెల్). అలుగు మట్టాన్ని లెవెల్ మిషన్‌తో చెరువు చుట్టూ తిప్పితే వచ్చే గీత అది. ఇక్కడే మోసం జరుగుతుంది. అలుగు ఒక అడుగు పగలగొడితే నీళ్లు నిలవవు, గీత లోపలికి జరుగుతుంది, బయటపడ్డ శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, ప్లాట్లు లేస్తాయి. కాబట్టి ఇరిగేషన్ వాళ్ల పాత రికార్డులోని అలుగు ఎత్తుతో సరిచూడు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు ఆ గీత బయట బఫర్‌గా, కట్టడాలు లేని ఖాళీ పట్టీగా, వదలాలి. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపయితే 2 మీటర్లు. ఆ బఫర్‌లో పట్టా భూములూ ఉంటాయి. కట్టడానికి వీల్లేదు గానీ సాగు చేసుకోవచ్చు, ఆ రైతును బెదరగొట్టకు.

నీ చేతిలో ఉన్న అసలు ఆయుధం లేఅవుట్ ఫైలు. ఖాళీ స్థలం కింద వదలాల్సిన 10 శాతాన్ని వెంచర్ వాళ్లు ఎవరూ కొనని మూలకు నెట్టి చూపిస్తారు. డ్రాఫ్ట్ దశలోనే దాన్ని కాలువ ఒడ్డుకో బండ్లబాట పక్కకో జరిపించు. పక్క వెంచర్‌దీ దానికి ఆనుకునేలా పెట్టిస్తే రెండు ముక్కలు కలిసిపోతాయి. అలాగని మొత్తం బఫర్‌లోకే తోసేస్తే ఒప్పుకోకు, పిల్లలు ఆడుకునే జాగా ఇళ్ల మధ్య కొంతైనా ఉండాలి. ఆ స్థలాన్ని మున్సిపాలిటీకి రాసిచ్చే గిఫ్ట్ డీడ్ రిజిస్టరై, బాట పని పూర్తయ్యాకే, వెంచర్ వాళ్లు పూచీగా తనఖా పెట్టిన ప్లాట్లు విడుదల చెయ్.

బాట ఎలా వేయాలంటే, బండ్లబాట మధ్యలో ట్రాక్టరూ వరికోత మిషనూ పట్టేలా నాలుగున్నర మీటర్లు వదిలి, నడకబాట ఒక పక్కన రెండు మీటర్లు చాలు. ఇనుప స్తంభాలు పాతి బండ్లు ఆపేశావంటే కోత మిషన్ పొలానికి పోదు, రెండు పంటలు చూసి రైతు ఆ పొలాన్ని ప్లాట్ల వాళ్లకు అమ్మేస్తాడు. పల్లెతనం అక్కడే పోతుంది, నువ్వు వేసిన లాన్ దాన్ని తిరిగి తేలేదు. సీసీ వద్దు. మొరం 15 సెంటీమీటర్లు పరిచి, తడిపి రోలర్ తొక్కించు, ఒక పక్కకు వాలు పెట్టు. కాలువ దాటేచోట గొట్టాలు వేయకు, ప్లాస్టిక్ అడ్డంపడి పై పొలాలు మునుగుతాయి. కాలువ పూర్తి వెడల్పుకు స్లాబ్ వెయ్.

చెరువు చుట్టూ మట్టి పోసి రింగు బాట కట్టమని అందరూ అడుగుతారు, ఫొటోలకు బాగుంటుంది మరి. పైనుంచి వరద దిగే వైపు దాన్ని కడితే నీళ్లు చెరువులోకి రాక కాలనీల్లోకి పోతాయి. కట్ట మీద, బఫర్ బయటి అంచున నడిపించి వరద వైపు వదిలేయ్. బతుకమ్మ మెట్లు, చాకిరేవు, పశువులు దిగే రేవు, చేపల సొసైటీ వాళ్లు తెప్పలు దించే చోటు నక్షలో ముందే గుర్తుపెట్టుకో, వాటికి కంచె పడకూడదు. కాలువలో మురుగు కలుస్తుంటే దాన్ని మళ్లించేదాకా బెంచీల టెండరు పిలవకు.

కట్ట వాలు మీద పెద్ద చెట్లు పెట్టొద్దు, వేర్లు కుళ్లితే ఆ బొరియల వెంట నీళ్లు ఊరతాయి. బాట పక్కన కానుగ, వేప, నేరేడు, చింత ఎనిమిది మీటర్లకొకటి. విదేశీ మొక్క కోనోకార్పస్ పేరెత్తకు. మృగశిరలో నాటి రెండు ఎండాకాలాలు ట్యాంకరు నీళ్లు పోయించు. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం పచ్చదనానికి కేటాయించమన్న 10 శాతం హరిత బడ్జెట్‌ను పార్కు ఉయ్యాలల కన్నా ముందు ఈ చెట్లకు ఖర్చుపెట్టు.

మొదటి ముక్కగా బడి నుంచి చెరువు కట్ట దాకా ఉన్న బాట తీసుకో. పంట కోసిన పొలాలు ఖాళీగా ఉండే వేసవిలోనే సర్వేయర్‌ను దింపు.

ఆశీస్సులతో,
అన్న