కారు లేదని దిగులెందుకు తమ్ముడూ, స్లగ్ లైన్ ఉందిగా

తమ్ముడూ, అమెరికాలో వర్జీనియా వుడ్‌బ్రిడ్జ్‌లో దిగి 2 వారాలైంది, కారు లేదు, స్లగ్ లైన్‌లో (అటే వెళ్లే కార్లలో ఊరికే ఎక్కడానికి జనం కట్టే వరస) నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్ల కారెక్కొచ్చా అని అడిగావు. ఎక్కు. నేను 2 ఏళ్లు అలాగే వాషింగ్టన్ పక్కనున్న పెంటగాన్ దాకా వెళ్లొచ్చా.

డ్రైవర్‌తో కలిపి బండిలో ముగ్గురుంటే హైవే మీద ఎక్స్‌ప్రెస్ లేన్‌లో (డబ్బు కట్టి వెళ్లే వేగం వరసలో) టోల్ ఉండదు, డ్రైవర్ తన ఈజీపాస్ ఫ్లెక్స్‌ని (కారులో పెట్టుకునే టోల్ పరికరం) HOV మోడ్‌లో పెడితే చాలు, అందుకే వాళ్లకి మనం కావాలి, మనకి వాళ్ల కారు కావాలి. 1970ల నుంచి జనం వాళ్లంతట వాళ్లే నడుపుకుంటున్న పద్ధతి ఇది. మిగతా రూల్స్ నెట్‌లో చూసుకో. హైవే మీద నిలబడి చెయ్యెత్తడం మాత్రం వద్దు.

మొదటిరోజు హార్నర్ రోడ్ పార్కింగ్ లాట్‌లో కారులో వచ్చిన ఒకావిడ అద్దం దించి "పెంటగాన్" అంది, ఎక్కేశా. ఎక్కీ ఎక్కగానే మీదే ఊరు, ఏం చేస్తారు అని మొదలెట్టా. ఒక్క ముక్కలో జవాబిచ్చి రేడియో పెంచేసింది. దిగేటప్పుడు 5 డాలర్లు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నన్ను చూసి ఇష్టంలేక అలా చేసిందేమో అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు లైన్‌లో ఒక పెద్దాయన చెప్పాడు, ఇక్కడ డబ్బు మాటే ఉండదు, డ్రైవర్ పలకరిస్తేనే మాట్లాడాలి, ఫోన్లు ఎత్తకూడదు అని.

ఇంకోసారి చీకటిపడ్డాక పెంటగాన్ దగ్గర ముగ్గురమే మిగిలాం, కారొస్తే ముందున్నాయనా నేనూ ఎక్కేసి తలుపేసుకున్నా. డ్రైవర్ బండి కదపలేదు. వెనక ఒక్కతే నిలబడిపోయిన అమ్మాయిని కూడా పిలిచి ఎక్కించుకున్నాకే కదిలాడు. లైన్‌లో ఆడమనిషిని ఒంటరిగా వదిలి వెళ్లరు, నాకప్పటిదాకా ఆ సంగతే తెలీదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఇక్కడ మనిషిని తినేసేది ఒంటరితనం, కారు లేకపోవడం కాదు. ఇప్పుడొచ్చే పిల్లలు వచ్చిన నెలకే లోన్ పెట్టి కారు కొనేసుకుని, పొద్దున ఒక్కళ్లే వెళ్లి రాత్రి ఒక్కళ్లే వచ్చి, రూమ్‌లో తలుపేసుకుంటున్నారు, వాళ్లకి చెప్పేవాళ్లు లేక. మాటల్లేకపోయినా పక్కన ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటే అది వేరు. నేను జ్వరమొచ్చి వారం వెళ్లకపోతే, ఆ రేడియో పెంచినావిడే అద్దం దించి "కనబడలేదేంటి, ఒంట్లో బాగానే ఉందా" అంది. ఆ వారంలో ఫోన్‌లో కాకుండా ఎదురుగా నన్నా మాట అడిగింది ఆవిడొక్కతే.

కోవిడ్ తర్వాత లైన్లు పల్చబడ్డాయి, కారు దొరక్కపోతే ఇంటికి రావడానికి సాయంత్రం ఆఖరి ఆమ్నీరైడ్ బస్సు టైమ్ రాసి దగ్గర పెట్టుకో.