రైడ్ మారితే అలగడం తప్పా?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం థీమ్ పార్కులలోని పాత రైడ్ల చుట్టూనే తిరిగాయి. ఒకే ప్రశ్న పలువురు అడిగిన చోట వాటిని కలిపి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో నెమెసిస్ అనే రోలర్ కోస్టర్ పట్టాలను తీసేసి కొత్తవి వేశారు. దాన్ని ఇంకా పాత రైడ్ అనే పిలవాలని నా స్నేహితుడి వాదన. పట్టాలే పోయాక మిగిలేదేమిటి?

జవాబు: మీ స్నేహితుడి వైపే మొగ్గుతున్నాం. నెమెసిస్ 1994 మార్చిలో మొదలైంది. చెట్ల తలలను మించి ఏ రైడూ లేవకూడదన్న నిబంధన ఆ పార్కుకు ఉంది కాబట్టి, దాని రూపకర్తలు రాతినేలను పేల్చి గుంత తవ్వించి, పట్టాలను ఆ గుంతలోకి దింపి, బండరాళ్ల అంచులను ఒరుసుకుంటున్నట్టుగా మెలికలు తిప్పారు. పట్టా తల మీద ఉంటుంది, కాళ్లు గాలిలో వేలాడుతుంటాయి, ఆ కాళ్లకు రాళ్లు తగులుతాయేమోనన్న భయం కలుగుతుంది. ఆ రైడ్ ప్రాణమంతా ఆ భయంలోనే ఉంది. 2022 నవంబరులో దాన్ని మూసి, చాలావరకు పట్టాలనూ వాటిని మోసే స్తంభాలనూ మార్చి, 2024 మార్చి 16న తిరిగి తెరిచినప్పుడు పట్టాల రంగు నల్లబడింది, వాటి మీద ఎర్రని నరాల గీతలు పాకాయి, పేరు చివర ఒక కొత్త మాట చేరింది. గుంత మాత్రం కదల్లేదు, మెలికలూ మారలేదు.

పైగా ఇది సరదాకు చేసిన మార్పు కాదు. ఉక్కు అలసిపోతుందన్న మాట వట్టి అలంకారం అనుకోకండి. ఒకే చోట లక్షల సార్లు బరువు పడుతూ లేస్తూ ఉంటే లోహంలో కంటికి ఆనని పగుళ్లు పుట్టి పెరుగుతాయి. ఒక దశ దాటాక అతుకులు వేయడం కంటే కొత్త పట్టా వేయడమే క్షేమం. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1977 నుంచి నడిచిన స్పేస్ మౌంటెన్‌కు కూడా 2003లో మూసి, 2005 జూలైలో తెరిచేలోగా ట్రాక్ మొత్తం మార్చారు. అది చీకట్లో పరుగెత్తే రైడ్ కాబట్టి పట్టా ఎవరి కంటా పడదు. మలుపులన్నీ ఉన్న చోటే ఉండడంతో అది పరాయి రైడ్ అయిపోయిందని పెద్దగా ఎవరూ నొచ్చుకోలేదు. పార్కు మార్చక తప్పనిదానికీ, మార్చాలని కోరి మార్చినదానికీ తేడా ఉంది. అభిమానుల గొడవలలో సగం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల పుట్టేవే.

ప్రశ్న: చెక్క కోస్టర్‌కు ఉక్కు పట్టా వేయడం మోసం కాదా? పాతవాటిని చట్టం కాపాడలేదా?

జవాబు: మోసం కాదు, కానీ రైడ్ మారిపోయిందన్నది నిజం. సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సస్‌లో 1990లో మొదలైన టెక్సస్ జెయింట్ కుదుపులకు జనం విసిగిపోయిన తరువాత 2009లో దాన్ని మూసి, చెక్క కట్టడంలో చాలా భాగాన్ని నిలిపి, దాని మీద ఉక్కు పట్టా వేసి 2011లో తెరిచారు. కొత్తది నున్నగా, పాతదానికంటే నిటారుగా దూకుతుంది. పాతదాని కీచుమూలుగులు కావాలనుకునేవారికి అందులో ఏమీ లేదు. ఇక చట్టం సంగతికి వస్తే, న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ సైక్లోన్‌ను (1927) నగరం 1988లో రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఇంగ్లండ్‌లోని మార్గేట్‌లో 1920 నాటి సీనిక్ రైల్వేకు 2002లో అలాంటి రక్షణే దొరికింది. అయినా 2008లో మంటలు దాన్ని తీవ్రంగా దెబ్బతీశాయి. పోరాడినవారు వదలకపోవడంతో 2015లో మళ్లీ నడిచింది.

ప్రశ్న: అభిమానులు సంతకాలు సేకరించినా, నిరసన తెలిపినా పార్కు యాజమాన్యాలు ఎప్పుడైనా విన్నాయా?

జవాబు: ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో దాదాపు ఒకే కాలంలో జరిగిన రెండు కథలను పక్కపక్కన పెట్టి చూస్తే మీకు జవాబు దొరుకుతుంది.

మొదటిది మిస్టర్ టోడ్ అనే కప్ప పాత్ర పేరిట నడిచిన మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్. 1971లో అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుతో పాటే మొదలైన ఈ రైడ్‌లో రెండు వేర్వేరు దారులు ఉండేవి. ఏ దారిలో వెళ్తే ఆ దారి దృశ్యాలే కనిపిస్తాయి కాబట్టి రెండోసారి ఎక్కాల్సిందే. దీన్ని మూసేస్తారన్న వార్త 1997లో బయటికి రాగానే అభిమానులు ఉత్తరాలు రాశారు, నిరసన మాటలు అచ్చువేసిన చొక్కాలు తొడుక్కుని గుంపుగా వచ్చి రైడ్ ఎక్కారు. ఫలితం లేదు. 1998 సెప్టెంబరు 7న అది మూతపడింది, మరుసటి ఏడాది అదే భవనంలో విన్నీ ది పూ అనే ఎలుగుబంటి బొమ్మకథ రైడ్ వచ్చింది.

రెండోది అక్కడి మరో పార్కు ఎప్‌కాట్‌లోని జర్నీ ఇంటు ఇమాజినేషన్. 1983లో మొదలైన ఈ రైడ్‌లో ఎర్ర గడ్డంతో, పొడవాటి టోపీతో డ్రీమ్‌ఫైండర్ అనే పెద్దమనిషి, ఊదారంగు పిల్ల డ్రాగన్ ఫిగ్మెంట్ ప్రయాణికులను వెంటపెట్టుకుని తిప్పేవారు. 1998లో మూసి 1999లో తెరిచిన కొత్త రూపం పాతదానికంటే పొట్టిది. అందులో డ్రీమ్‌ఫైండర్ లేడు, ఫిగ్మెంట్ ఉన్నాడో లేడో అన్నంత మాత్రంగానే మిగిలాడు. ఫిర్యాదులు ఎంతగా వచ్చాయంటే, రెండేళ్లకే దాన్ని మూసి, 2002లో ఫిగ్మెంట్‌ను మళ్లీ ముందుకు తెచ్చారు.

అభిమానుల కోపం రెండుచోట్లా సమానమే అయినప్పుడు ఒకచోట ఓడి, మరొకచోట సగమైనా ఎందుకు గెలిచింది? మాకు తోచిన కారణం ఒకటే. టోడ్ స్థానంలో వచ్చినది చిన్నపిల్లలున్న కుటుంబాలకు నిజంగా నచ్చింది. పాతదాని గురించి తెలియనివారికి ఏ లోటూ కనిపించలేదు. ఫిగ్మెంట్ విషయంలో ఆ పార్కుకు మొదటిసారి వచ్చినవారికి కూడా రైడ్ చప్పగా ఉన్నట్టు తెలిసిపోయింది. అభిమాని అరిచినప్పుడు కాదు, అభిమాని కాని మనిషి పెదవి విరిచినప్పుడే యాజమాన్యం వెనక్కి తగ్గుతుంది. ఇది వినడానికి బాగుండదని తెలుసు. డ్రీమ్‌ఫైండర్ మాత్రం ఆ రైడ్‌లోకి తిరిగి రాలేదు కాబట్టి దీన్ని పూర్తి గెలుపు అని కూడా అనలేం.

ప్రశ్న: అభ్యంతరకరమంటూ పాత దృశ్యాలను తీసేయడం చరిత్రను చెరిపేయడమే కదా? స్ప్లాష్ మౌంటెన్‌నూ, పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్‌నూ అసలు రూపంలో ఉంచితే ఏం పోయేది?

జవాబు: ఆ అసలు రూపం ఏదో ముందుగా తేల్చుకోవాలి. సముద్రపు దొంగల దృశ్యాల మధ్య సాగే పైరేట్స్ రైడ్ డిస్నీల్యాండ్‌లో 1967 మార్చిలో, వాల్ట్ డిస్నీ చనిపోయిన మూడు నెలలకు తెరుచుకుంది. అప్పట్లో దొంగలు ఆడవాళ్లను తరుముతూ ఉండేవారు. 1997లో ఆ ఆడవాళ్ల చేతుల్లో తిండి పెట్టి, దొంగలు తిండి కోసం తరుముతున్నట్టు మార్చారు. ఆ రైడ్ ఆధారంగా తీసిన సినిమాలు ఆడాక, 2006లో ఆ సినిమాల నాయకుడినే తెచ్చి రైడ్‌లో నిలబెట్టారు. 2018లో, వేలంలో అమ్ముడుపోయే ఎర్రజుట్టు స్త్రీని తుపాకి పట్టిన దొంగగా మార్చారు. వీటిలో చివరిది తప్పని, సినిమా నాయకుడి చేరిక మాత్రం ఒప్పని అనేవారిని చూస్తే, వారి బాధ చరిత్ర గురించి కాదేమోనన్న అనుమానం మాకు కలుగుతుంది. స్త్రీలను వేలం వేయడాన్ని నవ్వులాటగా చూపే దృశ్యం పోయినందుకు మేము విచారించడం లేదు.

స్ప్లాష్ మౌంటెన్ కథ ఇంకా చిక్కైనది. 1989లో డిస్నీల్యాండ్‌లో మొదలైన ఆ నీటి రైడ్, బానిసత్వం ముగిసిన తరువాతి కాలపు నల్లజాతివారిని చూపిన తీరుకు విమర్శల పాలైన 1946 నాటి ఒక సినిమాలోని జంతువుల బొమ్మకథలను ఆధారం చేసుకుంది. 2020 జూన్‌లో మార్పు ప్రకటించారు, 2023లో ఫ్లోరిడాలోనూ కాలిఫోర్నియాలోనూ మూశారు, 2024లో టియానాస్ బయూ అడ్వెంచర్‌గా రెండుచోట్లా తెరిచారు. చివర నీటిలోకి దూకే ఘట్టం ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది. కొత్తదానిలో కథకు పట్టు తగ్గిందని, ఎదురాడే పాత్ర లేకపోవడంతో ఆ దూకే ఘట్టానికి ముందు రావాల్సిన గుబులు రావడం లేదని చెప్పే విమర్శలో మాకు న్యాయం కనిపిస్తోంది. అది మార్చిన తీరు మీద విమర్శ. మార్చడం మీద కాదు.

మరో సంగతి. డిస్నీల్యాండ్ స్ప్లాష్ మౌంటెన్‌లో పాడి ఆడిన జంతువుల బొమ్మలలో చాలావరకు ఆ రైడ్ కోసం చేసినవే కావు. 1974 నుంచి 1988 వరకు అదే పార్కులో నడిచిన అమెరికా సింగ్స్ అనే ప్రదర్శనను మూసి, దాని బొమ్మలను అక్కడికి తరలించారు. మీరు కాపాడాలంటున్న రైడ్ కూడా మరొకదాన్ని మూసి కట్టుకున్నదే.

ప్రశ్న: మూసేసిన రైడ్ల గుర్తు పార్కులో ఏమైనా మిగులుతుందా?

జవాబు: మిగులుతుంది, వెతకాలి అంతే. ఫ్లోరిడాలోని పూ రైడ్‌లో గుడ్లగూబ ఇంటి దృశ్యం దగ్గర ఒక పటం ఉంది. అందులో మిస్టర్ టోడ్ ఇంటి దస్తావేజును గుడ్లగూబ చేతికి అందిస్తుంటాడు. అదే పార్కులోని హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల ఇంటి రైడ్ బయట, పెంపుడు జంతువుల సమాధుల మధ్య టోడ్ విగ్రహం ఒకటి నిలబడి ఉంది. డిస్నీల్యాండ్‌లో 2001లో మూసిన ఎలుగుబంట్ల ప్రదర్శన స్థానంలో కూడా పూ రైడే వచ్చింది. పాత ప్రదర్శనలో గోడకు తగిలించి ఉండి మాట్లాడిన మూడు జంతువుల తలలను కొత్త రైడ్‌లో ఒక మలుపు దగ్గర చీకట్లో ఉంచేశారు. బండి ముందుకు సాగుతున్నప్పుడు వెనక్కి తిరిగి పైకి చూస్తేనే అవి కనిపిస్తాయి.