జనవరిలో కూడా గుల్‌మార్గ్‌లో ఒక్కోసారి మంచు ఎందుకు ఉండట్లేదు?

కశ్మీర్‌కు మంచు తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు, అంటే తేమను మోసుకొచ్చే తుపాను గాలులు. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు అక్కడ 'చిల్లై కలాన్', అంటే గడ్డకట్టే చలి. అప్పుడు పడిన మంచే గట్టిపడి నిలుస్తుంది. ఆ డిస్టర్బెన్స్‌లు బలహీనపడినా, ఆలస్యంగా వచ్చినా కష్టమే. ఫిబ్రవరి దాటాక పడే మంచు ఎండకు త్వరగా కరిగిపోతుంది. పైగా వేడి పెరిగి, కింది వాలుల్లో మంచుకు బదులు వాన పడుతోంది.

2024 జనవరి మొదట్లో గుల్‌మార్గ్‌లో కనిపించింది ఎండిపోయిన గోధుమరంగు గడ్డి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలు మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి.

ముందుగా దెబ్బ తగిలేది కొత్తగా స్కీయింగ్ నేర్చుకునేవాళ్లకి. వాళ్లకు పనికొచ్చేవి కింది మైదానాలే. పైనున్న అఫర్వత్ శిఖరం మీద మంచున్నా ఆ నిటారు వాలులు వాళ్లవల్ల కాదు. టూరిస్టులను స్లెడ్జ్ మీద కూర్చోబెట్టి తాడుతో లాగే కూలీలకైతే మంచు లేని రోజు సంపాదనే ఉండదు. టికెట్లు కొనేముందు ఆ వారం మంచు ఎంత పడిందో తప్పకుండా చూసుకోండి.