పాఠకుల ప్రశ్నలు – జవాబులు: చదివే గొంతు పిచ్ ఎక్కడ సర్దాలి?

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు. విండోస్‌లో తెరమీది పాఠాన్ని పైకి చదివే ఎన్‌విడిఏ వాడతాడు, తెలుగు గొంతు కోసం ఈస్పీక్ పెట్టుకున్నాడు. గొంతు కీచుమంటోందని పిచ్ (గొంతు హెచ్చుతగ్గు స్థాయి) తగ్గిస్తే కొన్నిచోట్ల తగ్గుతోంది, కొన్నిచోట్ల పాత గొంతే వస్తోంది. ఎందుకని?

జవాబు: ఎన్‌విడిఏ మొత్తానికీ కలిపి ఒకే పిచ్ ఉండదు. పాఠాన్ని మాటగా మార్చే భాగాన్ని సింథసైజర్ అంటారు. ఒక్కో సింథసైజర్ పిచ్‌ను ఎన్‌విడిఏ విడివిడిగా దాస్తుంది. ఈస్పీక్‌లో 30కి దించి, తర్వాత విండోస్ సొంత గొంతులైన వన్‌కోర్‌కి మారితే వన్‌కోర్ తన పాత అంకెతోనే పలుకుతుంది. అందుకని ముందు ఎన్‌విడిఏ మీట (మామూలుగా ఇన్సర్ట్)తో కంట్రోల్, ఎస్ నొక్కి, ఇప్పుడు మాట్లాడుతున్నది ఏ సింథసైజరో చూడండి. తర్వాత ఎన్‌విడిఏ, కంట్రోల్, వి నొక్కితే స్పీచ్ సెట్టింగ్స్ వస్తాయి. పిచ్ స్లైడర్ అక్కడే ఉంటుంది, 0 నుంచి 100 దాకా.

రెండో అనుమానం ప్రొఫైల్ మీద, అంటే ఒక్కో ప్రోగ్రామ్‌కి విడిగా దాచుకునే సెట్టింగ్స్ మీద. వర్డ్‌కో బ్రౌజర్‌కో విడిగా ప్రొఫైల్ పెట్టి ఉంటే, అది నడుస్తుండగా చేసిన మార్పు ఆ ప్రొఫైల్‌లోకే పోతుంది. బయటికి రాగానే మళ్లీ పాత గొంతు. సెట్టింగ్స్ కిటికీ తెరుచుకున్నప్పుడు టైటిల్ చివర ఏం చదువుతోందో వినండి. ‘నార్మల్ కాన్ఫిగరేషన్’ అంటే మార్పు అన్నిచోట్లా పనిచేస్తుంది. వేరే పేరు చదివితే ఎన్‌విడిఏ, కంట్రోల్, పి నొక్కి ఆ ప్రొఫైల్ సంగతి తేల్చుకోవాలి. అన్నీ కుదిరాక ఎన్‌విడిఏ, కంట్రోల్, సి నొక్కి సేవ్ చేయండి.

రోజూ మార్చుకునేవారికి కిటికీ తెరిచే పని కూడా లేదు. డెస్క్‌టాప్ కీబోర్డు అమరికలో ఎన్‌విడిఏ, కంట్రోల్ పట్టుకుని కుడి బాణంతో పిచ్ దగ్గరికి వెళ్లి, పై, కింది బాణాలతో మార్చవచ్చు. ల్యాప్‌టాప్ అమరికలో వీటికి షిఫ్ట్ కూడా తోడవ్వాలి.

గొంతు కీచుగా లేకపోయినా మరబొమ్మలా ఒకే తీరున సాగుతోందంటే అది పిచ్ గొడవ కాదు. పిచ్ పక్కనే ఇన్‌ఫ్లెక్షన్ అని ఉంటుంది, అది మాటలో గొంతు ఎంత ఎగుడుదిగుడు కావాలో చెబుతుంది, దాన్ని పెంచండి. ఇది ఈస్పీక్‌లో ఉంది, వన్‌కోర్‌లో లేదు.

ప్రశ్న: ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే చదివించుకుంటుంటే మధ్యమధ్య గొంతు సన్నబడుతోంది. పాడైందా?

జవాబు: పాడవలేదు. పెద్ద అక్షరం వచ్చిందని చెప్పే పద్ధతి అది. స్పీచ్ సెట్టింగ్స్‌లో పెద్ద అక్షరాలకు పిచ్ ఎంత మారాలో చెప్పే అంకె మామూలుగా 30 ఉంటుంది. 0 చేస్తే ఆగిపోతుంది. అయితే పాస్‌వర్డ్ కొట్టేవారికి పెద్దదేదో చిన్నదేదో తెలియాలి కనుక, అక్కడే ఉన్న బీప్‌ను పెట్టుకోండి. పిచ్ మాట వినని గొంతులతోనూ బీప్ పనిచేస్తుంది.

ప్రశ్న: అంధ విద్యార్థుల కోసం సాపీ5తో (విండోస్‌లో ప్రోగ్రామ్‌లను మాట్లాడించే ఏర్పాటు) చిన్న రీడర్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. వేగానికీ వాల్యూమ్‌కీ ఫంక్షన్లు దొరికాయి, పిచ్‌కి దొరకలేదు.

జవాబు: ఎంత వెతికినా దొరకదు, అసలు లేదు కాబట్టి. సాపీ5లో పిచ్‌ను పాఠంలోనే ఎక్స్‌ఎంఎల్ ట్యాగ్‌గా పంపాలి. ట్యాగ్ పేరు పిచ్. అందులో ఆబ్స్‌మిడిల్ అనే విలువ −10 నుంచి 10 దాకా ఇవ్వవచ్చు, 0 అంటే ఆ గొంతు సహజ స్థాయి. కొన్ని రీడర్లలో పిచ్ స్లైడర్ కనపడకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

రెండు చోట్ల బోల్తా పడతారు. పాఠం ఎక్స్‌ఎంఎల్ అని ఫ్లాగ్‌తో చెప్పకపోతే, ట్యాగ్‌ను కూడా పాఠమనుకుని పైకి చదివేసే ప్రమాదం ఉంది. ఇక పాఠంలో ఆంపర్‌సాండ్ గానీ, ‘కంటే తక్కువ’ గుర్తు గానీ ఉన్నది ఉన్నట్టు పంపితే ఎక్స్‌ఎంఎల్ చెడి, ఆ పేరా మూగపోతుంది. వాటిని ముందే ఎస్కేప్ చేయండి, అంటే ఎక్స్‌ఎంఎల్‌కి తగిన సంకేతాలుగా మార్చండి. ఇంతా చేశాక కూడా కొన్ని గొంతులు ట్యాగ్‌ను పట్టించుకోవు. మరో గొంతుతో పరీక్షిస్తే తప్పు మీ కోడ్‌దో గొంతుదో తేలిపోతుంది.

ప్రశ్న: ఆండ్రాయిడ్‌లో నేను చేసిన యాప్ ఫోన్ సెట్టింగ్స్‌లోని పిచ్‌ను లెక్కచేయడం లేదని వాడేవారి ఫిర్యాదు.

జవాబు: మీ కోడ్‌లో పిచ్‌ను మార్చే ఫంక్షన్ సెట్‌పిచ్ ఎక్కడో 1.0తో ఉండి ఉంటుంది, తీసేయండి. ‘మామూలు విలువే కదా’ అని రాసే ఆ ఒక్క లైను, వాడేవారు ఫోన్‌లో పెట్టుకున్న పిచ్‌ను మీ యాప్ వరకు కొట్టిపారేస్తుంది. మీ యాప్‌లోనే పిచ్ స్లైడర్ ఇస్తే, వాడేవారు దాన్ని కదిపినప్పుడే పిలవండి. ఇంజిన్ సిద్ధమైందని ఆన్‌ఇనిట్ చెప్పాకే పిలవాలి. విలువ 0 ఇస్తే ఎర్రర్ వస్తుంది. ముందే వరుసలో ఉన్న వాక్యాలకు కొత్త పిచ్ అంటదు, ఆ తర్వాత పంపినవాటికే.

స్లైడర్‌కి ఎంత మేర ఇవ్వాలంటే, 2.0 అంటే ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి, అంటే 12 స్వరస్థానాలు. 1.2 అంటే దాదాపు మూడు. చదువుకోవడానికి 0.8 నుంచి 1.3 దాకా చాలు. అంతకు మించితే రికార్డు చేసిన గొంతుల మీద తయారైనవి చెవికి కృత్రిమంగా తోస్తాయి. ఈస్పీక్ ధ్వనిని లెక్క కట్టి పుట్టిస్తుంది కాబట్టి కాస్త ఎక్కువే తట్టుకుంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి వయసుతో వినికిడి తగ్గింది. పిచ్ తగ్గిస్తే మాటలు స్పష్టంగా తెలుస్తాయా?

జవాబు: కొంత హాయిగా ఉండవచ్చు గానీ, స్పష్టత అంతగా రాదు. వయసుతో ముందు తగ్గేది పై పౌనఃపున్యాల వినికిడి. స, శ, ష లాంటి హల్లులను పోల్చుకోవడానికి అవే కావాలి. పిచ్ తగ్గిస్తే గొంతు మందమవుతుంది గానీ ఆ హల్లులకు బలం చేకూరదు. పిచ్ జోలికి పోకుండా ముందు వేగం తగ్గించండి. ఫోన్ స్పీకర్ బదులు హెడ్‌ఫోన్ ఇవ్వండి. ఈక్వలైజర్ ఉంటే ట్రెబుల్ కొద్దిగా పెంచి, మరీ చెవిలో గుచ్చుకుంటోందా అని ఆయన్నే అడగండి.